ఎన్ని మెట్లెక్కితే కుంభం

ఈ గొడవంతటికీ మూలం నేనే. మా పురపాలక సంఘంలో ఇన్‌వార్డు సీటు నాది. జనం తెచ్చిన అర్జీల మీద ముద్ర కొట్టి, నంబరు వేసి, ఏ సెక్షనుకు పోవాలో రాసి పంపడం నా పని. ముప్పయ్యొక్క ఏళ్ళుగా కొడుతున్నాను. ముద్ర కొట్టేవాడు నోరు మూసుకుని కొట్టాలని ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

ఏప్రిల్‌లో మా కమిషనర్ గారు ఉద్యోగుల మానసిక స్వాస్థ్యం మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు సమన్విత గారిని వెంటబెట్టుకొచ్చారు. తెల్లబట్టలు, చెవి మీంచి బుగ్గ దాకా వంగిన మైకు, ఎప్పుడూ చెదరని చిరునవ్వు. ఆవిడ హోదా 'రాశి ఋతు జీవన మార్గదర్శి'. మర్నాడే సర్క్యులర్ దిగింది.

"సూర్యుడు పన్నెండు రాశులందు సంచరించుటను అనుసరించి సంవత్సరమును పన్నెండు రాశి ఋతువులుగా విభజించడమైనది. ప్రతి ఋతువునందును సిబ్బంది యావన్మందీ సదరు రాశికి తగిన స్వాస్థ్య క్రియను ఆచరించి, సదరు రాశికి తగిన సామాజిక ఆత్మపరిశీలనను రిజిస్టరునందు స్వదస్తూరీతో నమోదు చేయవలెను. మినహాయింపులు లేవు."

చదివి నవ్వుకున్నాను. ఇలాంటివి చాలా చూశాం, పుబ్బలో పుట్టి మఖలో మాడిపోయే రకం అనుకున్నాను. ఇకమీదట పుబ్బా మఖా కూడా సర్క్యులర్ ప్రకారమే నడుస్తాయని అప్పటికింకా తెలీదు.

మేషంలో అందరం తల వంచి మెట్లు పరుగున ఎక్కాలి. మలుపు దగ్గర ఇద్దరు గుమస్తాలు ఢీకొని, ఒకాయనకు నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. 'ఉత్సాహం వ్యక్తమైనది' అని సమన్విత గారు రాసుకున్నారు. వృషభంలో టిఫిను నలభై నిమిషాలు నమలాలి. మిథునంలో ఇద్దరిద్దరు జంటగా కూర్చుని ఒకరి మనసు ఒకరు వినాలి. పన్నుల సెక్షన్‌లో ఇద్దరు అలా విన్న తరవాత నెల్లాళ్ళు మాట్లాడుకోలేదు. కర్కాటకంలో ఎండ్రకాయలాగా లోపలికి ముడుచుకోవాలి కాబట్టి కౌంటర్ల షట్టర్లు ముప్పాతిక దించేశారు. జనం నడుం వంచి, ఆ సందులోంచి నా చొక్కా గుండీలతో మాట్లాడి పోయేవారు. ఆ నెల రిజిస్టరులో ఆత్మపరిశీలన ప్రశ్న: 'నా పెంకు ఏది?' మా అటెండరు 'మన ఆఫీసేనండి' అని రాశాడు. అతనికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఆ నెలాఖరు సమీక్షలోనే నా నోరు జారింది.

"రాశి ఋతువు మన దైనందిన విధులయందు ప్రతిఫలించుట లేదు. సూచనలు ఆహ్వానించడమైనది" అన్నారు కమిషనర్ గారు. ఆయన మాట కూడా ఫైలు మీద రాసినట్టే ఉంటుంది.

నాకు ఆకలిగా ఉంది. మీటింగు తెమిలితే భోజనానికి పోవచ్చు.

"ఏముందండీ! ఆంబోతుల ఫిర్యాదులు వృషభంలో, పెళ్ళి రిజిస్ట్రేషన్లు మిథునంలో, తూకాల తగాదాలు తులలో, పాములూ తేళ్ళూ వృశ్చికంలో, కుళాయిలు కుంభంలో చూసుకుంటే సరిపోలా!" అన్నాను.

అటెండరు కిసుక్కున నవ్వాడు. కమిషనర్ గారు నవ్వలేదు. "కొంచెం నిదానంగా చెప్పండి, బులిరాజు గారూ" అంటూ కలం తీశారు.

వారం తిరక్కుండా రెండో సర్క్యులర్ వచ్చింది. అర్జీ ఏ రాశికి చెందుతుందో నిర్ణయించే అధికారం ఇన్‌వార్డు సీటుకే దఖలు పడింది. పన్నెండు కొత్త ముద్రలు, ఒక పట్టిక నా బల్ల మీదకొచ్చాయి. పట్టిక కింద 'సూచన: శ్రీ బులిరాజు' అని ఉంది. అది నలుగురికీ కనపడకుండా టీకప్పు పెట్టుకునేవాణ్ణి.

సింహంలో మాకు పనే లేదు. మా ఊళ్ళో సింహాలు లేవు. రోజూ పదిన్నరకు ఆవరణలో వరసగా నిలబడి సింహగర్జన చేయడం, లోపలికొచ్చి కూర్చోవడం. అలా గర్జించి వస్తున్న ఒకరోజు గుమ్మంలో మాణిక్యం నిలబడి ఉంది. పల్లపు వీధి మొదట్లో ఇడ్లీ బండి ఆవిడది. చేతిలో అర్జీ, కొంగు నోటికడ్డం.

"ఏవైందండీ బాబుగారూ, ఎవరైనా పోయారా?"

"అబ్బే, సింహగర్జన. గుండెల్లో భయం పోవడానికి."

"పోయి మా గుండెల్లోకొచ్చిందండి" అని అర్జీ నా ముందు పెట్టింది.

పల్లపు వీధి పేరుకు తగ్గట్టే పల్లంలో ఉంటుంది. మా ఆఫీసు గుమ్మంలో నిలబడి చూస్తే ఆ వీధి ఇళ్ళ పైకప్పులే కనిపిస్తాయి. ఊరి వాననీళ్ళూ మురుగూ అన్నీ అటే దిగి కాలవలో కలుస్తాయి.

"కుళాయి తిప్పితే ముందు మురుగొత్తాదండి, ఆనక నీళ్ళొత్తాయండి. మంచినీళ్ళ పైపు డ్రైన్లోంచే పోతందంట, ఎక్కడో పగిలింది. మా వీధిలో ఇద్దరికి వాంతులూ విరేచనాలూ అయ్యి ఆసుపత్రిలో ఉన్నారు. మా భవానికి తొలిచూలండి. కార్తీకంలో నెలలు నిండుతాయి. పురిటికని తీసుకొచ్చేను. కాసి తాగమంటారు డాక్టరమ్మ. ఎంత కాసినా మురుగు మురుగే కదండీ! మంచినీళ్ళకి కాలవ దాటి పోతన్నాం. నేను బండి దగ్గరుంటే ఆ పిల్ల, వద్దన్నా ఇనకుండా, బిందె చంకనెట్టుకుని బయల్దేరతంది."

పట్టిక చూశాను. చూడకుండానే తెలుసు. కుళాయి కుంభం. చేతికి ఆ ముద్రే వచ్చింది.

"ఫిబ్రవరిలో చూస్తారు, మాణిక్యమ్మా."

"పిబ్రవరా! బిడ్డ కార్తీకంలో పుడతాదండి. పిబ్రవరి దాకా కడుపులోనే ఉండమని చెప్పనా?"

వెనకాల ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రూలు అంటే రూలే కదమ్మా, నా చేతుల్లో ఏముంది అన్నాను. ముప్పయ్యొక్క ఏళ్ళలో కొన్ని వేలసార్లు అన్న మాట అది. అబద్ధమని తెలిసి అనడం మాత్రం అదే మొదటిసారి.

కన్యలో ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరో చదువుకున్నవాళ్ళ చేత అర్జీ రాయించింది. 'మా ఆడపిల్ల నీళ్ళు మొయ్యలేకపోతున్నది కావున ఇది కన్యా ఋతువులో పరిష్కరింపదగినది' అని ఉంది. భేషనుకుని నేనే పైకి పట్టుకెళ్ళాను. ఇంజినీరు ఫణికుమార్ గారు రెండుసార్లు చదివారు.

"వాదన బాగుందండీ. కానీ అర్జీలో గర్భిణి అని స్పష్టంగా రాసుకున్నారు. గర్భిణిని కన్యగా పరిగణించమంటే రేపు ఆడిట్‌లో నేనేం సమాధానం చెప్పుకోవాలి?"

"అమ్మాయి కష్టం చూడండి సార్."

"కష్టం రాశి కాదు కదా, బులిరాజు గారూ."

ఆ మాట మాణిక్యానికి ఎలా చెప్పాలో తెలీక, పరిశీలనలో ఉందని చెప్పాను. ఆవిడ నమ్మింది. అందుకు ఇంకా సిగ్గేసింది.

ఇంతలో తుల వచ్చింది. వచ్చిందో రాలేదో తేలక అసలు చిక్కు వచ్చింది. సమన్విత గారి సెల్‌ఫోన్ ప్రకారం తుల సెప్టెంబరు ఇరవైమూడునే ప్రవేశించింది. కింది అంతస్తులో మా మేనేజరు అవధానులు గారి సొరుగులో పంచాంగం ఉంటుంది. దాని ప్రకారం ఇంకో ఇరవైనాలుగు రోజులు ఆగాలి. పైన వాళ్ళు అప్పుడే ఒంటికాలి మీద నిలబడి రెండు చేతుల్లో రెండు ఫైళ్ళు పట్టుకుని సమతౌల్యం సాధిస్తుంటే, కింద మేం ఇంకా కన్య ప్రకారం బీరువాలు తుడుచుకుంటున్నాం.

"నా సూర్యుడు ఉపగ్రహంలోంచి వస్తున్నాడు" అన్నారు సమన్విత గారు.

"నా సూర్యుడు తూర్పునుంచి వస్తున్నాడమ్మా" అన్నారు అవధానులు గారు.

కమిటీ వేశారు. కమిటీ ఎవరినీ నొప్పించకుండా నివేదిక ఇచ్చింది: పై అంతస్తుకు సమన్విత గారి సూర్యుడు, కింది అంతస్తుకు అవధానులు గారి సూర్యుడు. 'ఒక అంతస్తు ఎక్కిన ఇరవైనాలుగు దినములు ముందునకును, ఒక అంతస్తు దిగిన ఇరవైనాలుగు దినములు వెనుకకును జరిగినట్లు భావించవలెను.' ఫైలు పైకి పోతే మూడు వారాల పైచిలుకు వయసు పెరిగేది. కిందకి దిగితే తగ్గేది. ఆకస్మిక సెలవు కాగితం పైకి పంపిన ఒకాయన, సెలవు అప్పుడే వాడుకున్నట్టు తేలి లబోదిబోమన్నాడు.

అక్టోబరు ఇరయ్యో తేదీన మాణిక్యం వచ్చింది. మనిషి సగమైంది. కమిషనర్ గారు అప్పుడే మెట్లు దిగుతున్నారు. ఆవిడ మెట్ల దగ్గరే అడ్డంగా నిలబడింది.

"అయ్యా, ఓ మెట్టు వరసెక్కితే ఇరవైనాలుగు రోజులు ముందుకెళ్తాయంట కదండీ?"

"సదరు విషయం నివేదికలో స్పష్టపరచబడినది."

"అయితే ఎన్ని మెట్లెక్కితే కుంభవొత్తాదండీ? చెప్తే ఎక్కేత్తాను. మోకాళ్ళు పోయినా పరవాలేదు."

ఎగతాళి చేస్తోందనుకుని నేను హడలిపోయాను. ఆవిడ మొహం చూస్తే ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతోంది. కమిషనర్ గారు ఆగి, ఆలోచించి, "అర్జీదారు ప్రశ్న సాంకేతికంగా సమంజసముగా ఉన్నది" అన్నారు.

ఫణికుమార్ గారిని పిలిచారు. ఆయన లెక్క కట్టి, అయిదు అంతస్తులు ఎక్కితే ఫిబ్రవరి పదిహేడు వస్తుంది, అది శుద్ధమైన కుంభం, అన్నారు. మా ఆఫీసుకున్నవి రెండే. ఊళ్ళో అయిదంతస్తుల ఎత్తున్నది ఒక్కటే: మంచినీళ్ళ ట్యాంకు. "ట్యాంకు కూడా కుంభమే కదా!" అని సమన్విత గారు చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ట్యాంకు మీద సమావేశం జరిగింది. కమిషనర్ గారు ఇనప నిచ్చెన ఎక్కుతుంటే కింద నుంచి ఇద్దరు పట్టుకున్నారు. మినిట్స్ రాయడానికి నేనూ ఎక్కాను. పైన గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే అందరం వాటి మీద కూర్చున్నాం.

"ఆహా, ఇక్కణ్ణుంచి భలే కనిపిస్తోందండీ! అదుగో, పైపు సరిగ్గా డ్రైన్లోంచే పోతోంది. ఆ బుడగలొచ్చే చోటే లీకు" అన్నారు ఫణికుమార్ గారు సంతోషంగా.

మరమ్మతుకు మంజూరు ఇస్తూ కమిషనర్ గారు సంతకం పెట్టి, కింద ఫిబ్రవరి పదిహేడు అని తేదీ వేశారు. కింద మాణిక్యం కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ నిలబడి ఉంది. నేను కాగితం ఊపి చూపించాను. ఆవిడ దణ్ణం పెట్టింది.

కిందకి దిగాం. అవధానులు గారు కాగితం అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, తేదీ చూశారు.

"ఇది ఇంకా రాని తేదీ. వచ్చాక ఇవ్వండి" అని బీరువాలో పెట్టి తాళం వేశారు.

"పైన కుంభవే కదండీ?" అంది మాణిక్యం.

"పైన కుంభమేనమ్మా" అన్నారు ఫణికుమార్ గారు. "కుళాయి కింద ఉంది. అదీ ఇబ్బంది."

ఆవిడ బీరువా తాళంకేసి ఓసారి చూసి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్న ఆవిడ బండి దగ్గరికి వెళ్ళాను. విస్తరాకులో నాలుగు ఇడ్లీలు వేసి చట్నీ పోసింది. గుమ్మంలో భవాని కూర్చుని ఉంది, పక్కన ఖాళీ బిందె. ముందురోజు కాలవ గట్టెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడిందట.

"మాణిక్యమ్మా, ఆ కుంభం రూలు నేనన్నదే. మీటింగులో నవ్వులాటకి అన్నాను. వాళ్ళు రాసుకున్నారు."

గరిటె ఆగింది. నా వంక చూసింది.

"నవ్వారాండీ?"

"ఒకడు నవ్వాడు."

"పోన్లెండి, ఒకడైనా నవ్వేడు" అని మళ్ళీ చట్నీ పోసింది. "ఇడ్లీ చల్లారిపోతంది, తినండి."

ఇడ్లీలు అలాగే వదిలేసి లేచాను. తిట్టి ఉంటే తిని లేచేవాణ్ణి. ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసులో మెమోలు తిన్నాను, చివాట్లు తిన్నాను, ఎప్పుడూ అంత అవమానం కలగలేదు. అక్కణ్ణుంచి నేరుగా మా పైపుల ఫిట్టరు ఏసుబాబు ఇంటికి పోయాను. తుల మొదలైన దగ్గర్నుంచీ అతన్ని రోజూ ఒంటికాలి మీద నిలబెట్టి రెండు చేతుల్లో రెండు రెంచీలు పట్టిస్తున్నారు. మడమ వాచి ఉంది.

"ఓ క్లాంపు, ఓ రబ్బరు ముక్క. ముప్పావుగంట పనండి. ఎవరో ఒకరు చెయ్యమంటారని రెండు నెల్లనుంచీ చూత్తన్నాను" అన్నాడు.

"మరి రాశి?"

"రేపాదివారం కదండీ. ఆపీసు లేనప్పుడు రాశెక్కడుంటాదండి?"

ఇంత సులువైన శాస్త్రం మా ఇద్దరు సూర్యుల వాళ్ళకీ తట్టలేదు. ఆదివారం పొద్దున్న ఏడింటికి ఇద్దరం డ్రైన్లో దిగాం. నేను మోకాలి లోతు మురుగులో నిలబడి రెంచి అందించాను. ముద్ర కొట్టడం తప్ప నా చేత్తో ఆఫీసు పని చేయడం అదే మొదలు. ముప్పావుగంట అన్నాడు గానీ నేను రెంచి రెండుసార్లు మురుగులో జారవిడవడం వల్ల గంటయింది. కుళాయి తిప్పితే ముందు నల్లగా, తరవాత పచ్చగా, ఆ తరవాత తెల్లగా వచ్చాయి నీళ్ళు. మాణిక్యం స్టీలు గ్లాసు పట్టి, వాసన చూసి, ఓ గుక్క తాగి, మిగతావి భవానికిచ్చింది. పన్నెండు రోజులకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా కులాసా.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ మంజూరైన పని చావదు. బీరువాలో కూర్చుని తన తేదీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఫిబ్రవరి పదిహేడు వచ్చింది. ఇద్దరు సూర్యులూ ఒకే రాశిలో ఉండే నాలుగైదు రోజుల్లో అదొకటి. ఆఫీసు ఆఫీసంతా పల్లపు వీధికి దిగింది. ముందు సన్నాయి, వెనక కలశంతో సమన్విత గారు, పంచాంగంతో అవధానులు గారు, గడ్డపారలతో నలుగురు మనుషులు, ఫొటోగ్రాఫరు. కుళాయికి మామిడి తోరణం కట్టారు. కమిషనర్ గారు లోకానికి లీకు చూపిద్దామని కుళాయి తిప్పారు.

ముత్యాల్లాంటి నీళ్ళు వచ్చాయి.

సన్నాయి ఆగిపోయింది. "లీకు కనబడుట లేదు" అన్నారు కమిషనర్ గారు, లీకు సెలవు చీటీ ఇవ్వకుండా గైరుహాజరైనట్టు.

"ఎవరో అనధికారికంగా నయం చేసేశారు సార్" అన్నారు ఫణికుమార్ గారు. ఏసుబాబు మడమ చూసుకున్నాడు. నేను తోరణం చూశాను.

"మంజూరు ఉత్తర్వు అమలు కావలెను. అమలు కావలెనన్న లీకు ఉండవలెను. మార్గమేమి?"

"పెద్ద విషయం కాదు సార్. పైపు పగలగొట్టి, తరవాత విధివిధానాల ప్రకారం బాగుచేద్దాం. పైపు ముక్కలకి రేపు ఇండెంటు పెడతాను."

"ఎప్పటికి వచ్చును?"

"మీనం, మేషం మధ్యలో వచ్చేస్తాయి సార్."

గడ్డపార లేచింది. మాణిక్యం గబగబా వచ్చి సరిగ్గా పైపు మీద నిలబడింది, చంకలో మూడు నెలల మనవరాలు. కమిషనర్ గారి వంక చూడలేదు. నా వంక చూసింది. ఆ చూపుకి నా నోరు మళ్ళీ జారింది. ఈసారి కావాలనే జార్చాను.

"సార్, చిన్న సందేహం. ఇక్కడ కుంభమేనంటారా?"

"మీ ఉద్దేశమేమి?"

"ఈ వీధి పల్లం కదండీ. మన ఆఫీసు నేలకంటే ఒక అంతస్తు కింద ఉన్నట్టు లేదూ? అంతస్తు దిగితే ఇరవైనాలుగు రోజులు వెనక్కని నివేదికలో ఉంది."

ఫణికుమార్ గారు వెనక్కి తిరిగి ఆఫీసు మెట్టుకేసి చూసి, ఒక కన్ను మూసి, బొటనవేలు ఎత్తి కొలిచారు. "పదకొండడుగులుంటుంది సార్. కచ్చితంగా అంతస్తే" అన్నారు. ఆయన మొహం పాలిపోయింది. అవధానులు గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఇక్కడింకా మకరమే" అని పంచాంగం మూశారు.

"దించండి! దించండి గడ్డపార!" అని కమిషనర్ గారు అరిచారు. ఆయన మామూలు మనుషుల్లా మాట్లాడగా వినడం అదే మొదటిసారి. "మకరములో మంచినీటి పైపు ముట్టుకొనుటయా! ఎంత అపచారం తప్పినది! అయితే ఇచ్చట కుంభమెప్పుడు?"

"ఇక్కడ కుంభం వచ్చేనాటికి పైన తమ గదిలో మీనం సగం దాటిపోతుంది సార్" అన్నారు అవధానులు గారు.

"అనగా?"

"అనగా, మనమూ ఈ వీధీ ఏనాడూ ఒకే రాశిలో ఉండం సార్" అన్నాను నేను.

కమిషనర్ గారు ఫైలు మీద 'శాశ్వతముగా పెండింగు' అని రాసి, సన్నాయితో సహా మమ్మల్ని వెనక్కి మళ్ళించారు. మాణిక్యం పైపు మీంచి కదలకుండానే, అందరికీ నీళ్ళు తాగి వెళ్ళమని చెప్పింది. ఎండగా ఉంది. కమిషనర్ గారు రెండు గ్లాసులు తాగారు.

సాయంత్రం రిజిస్టరు నా బల్ల మీదకొచ్చింది. కుంభ ఋతువు ఆత్మపరిశీలన ప్రశ్న: 'ఈ ఋతువునందు మీరు ఎవరి దాహము తీర్చితిరి? ఎట్లు?' అందరూ చలివేంద్రాల గురించీ, పిచ్చుకలకు నీళ్ళు పెట్టడం గురించీ చక్కగా రాశారు. నాకు అబద్ధం రాసే ఓపిక లేకపోయింది.

'పల్లపు వీధి వారిది. మన ఆఫీసును అక్కడికి పోనివ్వకుండా.'

మర్నాడు చూస్తే దాని కింద సమన్విత గారు ఎర్రసిరాతో 'లోతైన అంతర్ముఖత. మిగతా వీధులకు కూడా విస్తరింపదగును' అని రాసి సంతకం పెట్టారు.